పబ్బమ్మా... నీ అసలు వయసెంతమ్మా?

మనం ఆడవాళ్ళం వయసడిగితే ఓ రెండేళ్ళు తగ్గించి చెబుతామని మగవాళ్ళకి ఎగతాళి కదా! ఐర్లండులో మాత్రం వయసడిగితే వందలకి వందల ఏళ్ళు పెంచి చెప్పుకునే వాళ్ళని చూసొచ్చాను. వాళ్ళు మనుషులు కారండోయ్, పబ్బులు!

"ఈవిడేమిటి, వంటల పేజీ పక్కన పబ్బుల గొడవ పెట్టింది" అని నొసలు చిట్లించకండి. నేనూ మీలాంటిదాన్నే. మా అమ్మాయికి పురుడు పోయడానికి డబ్లిన్ వెళ్ళిన రోజున "పబ్బు" అన్న మాట వింటేనే కొంగు నిండా కప్పుకున్నాను. కానీ అక్కడ పబ్బంటే పూర్తిగా మన బ్రాందీ షాపు కాదు. పబ్లిక్ హౌస్ అనేది పూర్తి పేరు. అంటే ఊరందరి ఇల్లు. మన రచ్చబండ, కాఫీ హోటలు, పాటల కచేరీ మూడూ కలిపి ఒక కప్పు కింద పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ముసలివాళ్ళు పేపరు చదువుకుంటూ, చంటిపిల్లల తల్లులు సూపు తాగుతూ కనబడతారు. తాగనివాళ్ళకి టీ ఉంటుంది.

మనవరాలికి మూడో నెల వచ్చాక మా అల్లుడు, "అత్తయ్యగారూ, ఐర్లండులో అన్నిటికంటే పాత పబ్బు చూపిస్తాను రండి" అన్నాడు. సరేనని బయల్దేరాం. అక్కణ్ణించి మొదలైంది నా పరిశోధన!

ఇత్తడి తల ఇంట్లో

డబ్లిన్ నడిబొడ్డున లిఫీ అని ఓ నది. దాని దక్షిణపు గట్టున బ్రిడ్జ్ స్ట్రీట్‌లో ఉంది 'బ్రేజన్ హెడ్'. ఇత్తడి తల అని అర్థం. బయట రాతిగోడలు, లోపల ఓ వాకిలి, తలకి తగిలే ఎత్తులో దూలాలు, గోడల నిండా ఫ్రేములు. బోర్డు మీద "ఐర్లండులోకెల్లా పాత పబ్బు, 1198" అని రాసి ఉంది.

మావారు చేతులు వెనక్కి కట్టుకుని, "ఎనిమిదొందల ఏళ్ళ గోడలు చూడవే" అన్నారు భక్తిగా. నేనూ దణ్ణం పెట్టబోయి ఆగాను. ఎందుకంటే ఆ కిటికీల వరస, ఆ తలుపుల కొలత, పొద్దున చూసొచ్చిన పాత డబ్లిన్ ఇళ్ళకి దగ్గరగా ఉన్నాయి. అవి కట్టి రెండొందల యాభై, మూడొందల ఏళ్ళేనని మా అమ్మాయే చెప్పింది.

ఇంటికొచ్చి అమ్మాయీ నేనూ కూర్చుని వెతికాం. ఇప్పుడున్న కట్టడం 1754లో బగ్గీల ప్రయాణికులు బస చేసే సత్రంగా కట్టిందిట. బ్రేజన్ హెడ్ అన్న పేరు పాత కాగితాల్లో 1653 నాటికే ఉంది. బాగానే ఉంది. మరి 1198 సంగతి? ఆ ఏటికీ, పేరు కనబడిన ఏటికీ నడుమ నాలుగొందల యాభై ఐదేళ్ళు ఖాళీ! ఆ ఖాళీ అంతా "అక్కడ అప్పట్లోనే ఓ పూటకూళ్ళిల్లు ఉండేది" అన్న ఒక్క మాట మీద నడుస్తోంది.

అబద్ధమని మాత్రం కొట్టిపారెయ్యలేం. నార్మన్ దొరలు 1170లో డబ్లిన్ పట్టుకున్నాక ఆ చుట్టుపక్కలంతా రేవు సందడే. కూతవేటు దూరంలో ఇప్పటికీ వైన్‌టావర్న్ స్ట్రీట్ అన్న వీధి ఉంది. అంటే సారాయి దుకాణాల వీధి. కాబట్టి ఆ పేటలో తాగే ఇళ్ళు ఉండటం నిజం. ఈ ఇల్లే ఆ ఇల్లు అనడానికే ఆధారం లేదు.

అప్పుడు నాకు తట్టింది. మన ప్రతి గుడికీ ఓ స్థలపురాణం ఉంటుంది కదా! పాండవులు ప్రతిష్ఠించారంటారు. గోడ మీద శాసనం చూస్తే ఏ రెడ్డిరాజులదో ఉంటుంది. పురాణం పురాణమే, శాసనం శాసనమే. రెండూ వేరు వేరు డబ్బాల్లో పోసుకోవాలి. కందిపప్పూ పెసరపప్పూ కలిపేస్తే ఏదీ సరిగ్గా ఉడకదు!

ఏటి అవతల కాలిపోయిన కాగితాలు

"మరి కాగితాలెందుకు లేవే?" అని అడిగాను అమ్మాయిని. బ్రేజన్ హెడ్ దగ్గర వంతెన మీద నిలబెట్టి అవతలి గట్టున పెద్ద గోపురం ఉన్న భవనం చూపించింది. అది ఫోర్ కోర్ట్స్, అంటే న్యాయస్థానాలు. దాన్ని ఆనుకునే ప్రభుత్వ రికార్డుల భవనం ఉండేది. 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు, జూన్ 30న, పెద్ద పేలుడు జరిగి అది తగలబడిపోయింది. ఏడొందల ఏళ్ళ దస్తావేజులు బూడిదైపోయాయి. 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కలు చాలావరకు ఆ మంటల్లోనే పోయాయి. ఆ తర్వాతి నాలుగు లెక్కలూ అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేయించిందిట. దేశం మొత్తానికీ పూర్తిగా మిగిలినవాటిలో పాతవి 1901, 1911 లెక్కలే. వాటిని ఇప్పుడు ఎవరైనా డబ్బు కట్టకుండా కంప్యూటర్లో చూసుకోవచ్చు. కాలిపోయినవాటి నకళ్ళు ఇతర దేశాల్లో ఎక్కడెక్కడున్నాయో వెతికి పోగుచేసి, నూరేళ్ళు నిండిన 2022లో జనానికి అందుబాటులో పెట్టారు.

ఇంకో సంగతి. కల్లు దుకాణానికి మనకి లైసెన్సు ఉన్నట్టే, ఐర్లండులో బీరు ఇళ్ళకి లైసెన్సు ఉండాలని చట్టం వచ్చింది 1635లో. అంతకుముందు ఎవరింట్లో వాళ్ళు కాచి అమ్ముకోవడమే. కాచేదెవరనుకున్నారు? ఎక్కువగా ఇల్లాళ్ళే! 1610లో బార్నబీ రిచ్ అనే ఇంగ్లీషు సిపాయి డబ్లిన్ గురించి పుస్తకం రాస్తూ, ఈ ఊళ్ళో ప్రతి గృహస్థు భార్యా బీరు కాచేదేనని విసుక్కున్నాడు. ఆయన విసుగు మనకి సాక్ష్యం అయింది చూశారా! వంటింట్లో పొయ్యి మీద కాచి, వాకిట్లో నలుగురికి పోసి, ఆ డబ్బుతో పిల్లల్ని పెంచుకున్న ఆడవాళ్ళకి బోర్డూ లేదు, స్థాపించిన సంవత్సరమూ లేదు.

తడిక గోడ సాక్ష్యం

"అక్కాచెల్లెళ్ళిద్దరూ 'నేను పెద్దంటే నేను పెద్ద' అన్నట్టు, ఇంకో పబ్బు కూడా నేనే పెద్దదాన్నంటోంది" అని నవ్వాడు అల్లుడు. ఆ రెండోది ఆత్‌లోన్ అనే ఊళ్ళో ఉంది. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్లో రైలెక్కితే గంటన్నర ప్రయాణం. షానన్ నది ఒడ్డున కోట, కోట పక్కనే 'షాన్స్ బార్'. వాళ్ళు చెప్పుకునే పుట్టిన సంవత్సరం 900! గిన్నిస్ వాళ్ళ సర్టిఫికెట్ కూడా ఉంది, ఐర్లండులోకెల్లా పాత పబ్బని.

లోపల నేలంతా రంపపు పొట్టు చల్లి ఉంది. నేల నదివైపుకి వాలుగా ఉంది. వరద నీళ్ళు వస్తే వాటంతటవే బయటికి జారిపోవాలని అలా కట్టారుట. ఎవరో మంచి ఇల్లాలు చెప్పి కట్టించి ఉంటుంది అనుకున్నాను. మన పెరట్లో గచ్చు కూడా తూము వైపుకే కదా వాలుగా వేయించుకుంటాం!

స్థలపురాణం ఇదీ. లూవన్ అనే ఆయన ఇక్కడ రేవు దగ్గర పూటకూళ్ళిల్లు నడుపుతూ, బాటసారుల్ని లోతు తక్కువున్న చోట నది దాటించేవాడు. ఆయన పేరుమీదే ఊరికి ఆత్‌లోన్, అంటే లూవన్ రేవు అని పేరొచ్చింది. 1970లో పబ్బు బాగుచేస్తుంటే గోడ లోపల పాత గోడ బయటపడింది. అదే తొమ్మిదొందల నాటిదని వీళ్ళ మాట. ఓ ముక్క అద్దం వెనక పెట్టారు.

ఆ ముక్క చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఏమిటో తెలుసా? తడిక! సన్న పుల్లలు అల్లి, మట్టీ గడ్డీ కలిపి మెత్తిన గోడ. మా అమ్మమ్మగారింట్లో పశువుల పాక గోడ అచ్చం ఇలాగే ఉండేది. పండక్కి ముందు పేడతో అలికేవాళ్ళం.

అక్కడే అసలు చిక్కు. మా అమ్మమ్మ పాక కట్టింది 1940ల్లో. వెయ్యేళ్ళ కిందట అల్లినా తడిక తడికే, మొన్న అల్లినా తడికే. గోడ తీరు చూసి వయసు చెప్పలేం. దానికి వేరే పరీక్షలున్నాయి. పెద్ద ఓక్ దూలమైతే దాని కోతలో ఏడాదికో వలయం చొప్పున లెక్కపెట్టి, చెట్టు ఏ ఏట నరికారో చెప్పేస్తారు. ఐర్లండు ఓక్ చెట్లకి ఏడు వేల ఏళ్ళకి పైబడిన వలయాల పట్టిక బెల్‌ఫాస్ట్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేశారు. సన్న పుల్లలకి అన్ని వలయాలుండవు గనక కర్బన పరీక్ష చెయ్యాలి. అద్దం పక్కన అలాంటి పరీక్ష కాగితం ఉందేమోనని కళ్ళజోడు సవరించుకుని మరీ వెతికాను. నాకైతే కనబడలేదు.

ఊరి చరిత్ర చూస్తే సందేహం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ నది మీద మొదటి వంతెన 1120లో పడింది. రాతి కోట 1210లో కట్టడం మొదలైంది. 1691లో ఇంగ్లండు రాజు విలియం సైన్యం ఈ ఊరిని ఫిరంగులతో తుక్కుతుక్కు చేసింది. ఆరేళ్ళకి, 1697లో, పిడుగు పడి కోటలో మందుగుండు పేలి, చుట్టూ ఉన్న ఇళ్ళు నేలమట్టమయ్యాయి. పబ్బు ఆ కోట గుమ్మంలోనే ఉంది మరి! ఇప్పుడు కనబడే కట్టడం 18వ శతాబ్దం నాటి తీరని కట్టడాల పరిశీలకుల మాట.

బార్ వెనకున్న పెద్దాయన్ని ధైర్యం చేసి అడిగాను, "నిజంగా 900 ఏనా?" అని. ఆయన గ్లాసు తుడుస్తూ నవ్వి, "మీరు నమ్మితే టీతోపాటు కథ ఊరికే. నమ్మకపోతే టీ ఒక్కటే" అన్నాడు. నేను రెండూ తీసుకున్నాను!

సంవత్సరం నిజమే... కానీ ఎవరిది?

ఇక కిల్కెనీ. ఇది కూడా హ్యూస్టన్ నుంచి రైల్లో గంటన్నర. 'కిటెలర్స్ ఇన్' అనే పబ్బు మీద 1324 అని ఉంది. రాతి మెట్లు దిగితే చల్లటి నేలమాళిగ. గుమ్మం దగ్గర మంత్రగత్తె బొమ్మలు. పిల్లలు వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

ఈ 1324 పుక్కిటి పురాణం కాదు. కాగితం మీదున్న సంవత్సరమే. అదే నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఆలిస్ కిటెలర్ అనే ఆవిడ ఈ ఊళ్ళో బాగా డబ్బున్న మనిషి. వడ్డీ వ్యాపారం ఉండేది. ఒకరి తర్వాత ఒకరు నలుగురు మొగుళ్ళు. ముగ్గురు పోయారు. నాలుగో ఆయన జబ్బుపడ్డాడు. సవతి పిల్లలకి ఆస్తి మీద అనుమానం వచ్చింది. "ఇది మంత్రగత్తె, మందు పెట్టి చంపేస్తోంది" అన్నారు. బిషప్ లెడ్రీడ్ పట్టుబట్టి విచారణ పెట్టాడు. ఆలిస్‌కి పలుకుబడి ఉంది, బంధుబలగం ఉంది. దేశం దాటి పారిపోయింది. ఆవిడ కొడుకు విలియం తప్పు ఒప్పుకుని, పెద్ద చర్చికి సీసపు రేకుల కప్పు వేయిస్తానని బయటపడ్డాడు.

దొరికిందెవరు? పనిమనిషి. పేరు పెట్రోనిలా. కొరడాలతో కొట్టీ కొట్టీ, వాళ్ళకి కావలసినవన్నీ ఆమె చేత ఒప్పించారు. 1324 నవంబర్ 3న కిల్కెనీలో జనం చూస్తుండగా తగలబెట్టారు. ఐర్లండులో మంత్రగత్తె అని కాల్చి చంపిన మొదటి మనిషి ఆమేనంటారు. ఆమె కూతురు బసీలియాని ఆలిస్ తనతో తీసుకుపోయిందని చెబుతారు. తల్లి సంగతి ఆ పిల్లకి ఎప్పుడు, ఎలా తెలిసిందో!

చూశారా? పూటకూళ్ళిల్లు ఆ ఏట పెట్టారని కాదు. ఆలిస్ పూటకూళ్ళమ్మ అన్నది జనం నోట ఉన్న కథ. విచారణ కాగితాల్లో ఎక్కువగా కనబడేది ఆవిడ డబ్బూ, మొగుళ్ళూ. బోర్డు మీదున్న ఆ సంవత్సరం ఓ పనిమనిషి చచ్చిపోయిన సంవత్సరం. పేరు యజమానురాలిది, ఏడాది పనిమనిషిది.

నేను ఆర్డరిచ్చిన సూపు చల్లారిపోయింది. పక్కన మావారు కూడా ఏమీ మాట్లాడలేదు.

తర్వాత మా అమ్మాయి ఓ మాట చెప్పింది, కొంచెం మనసు కుదుటపడింది. జూడీ షికాగో అనే అమెరికన్ కళాకారిణి 1974 నుంచి 1979 దాకా కూర్చుని, చరిత్రలో మరుగునపడ్డ ఆడవాళ్ళ కోసం పెద్ద ముక్కోణపు భోజనాల బల్ల తయారుచేసింది. ముప్ఫై తొమ్మిది మందికి తలా ఓ కంచం, తలా ఓ కుట్టుపని గుడ్డ వేసింది. అందులో ఒక కంచం పెట్రోనిలాది! న్యూయార్కు బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. జీవితమంతా ఒకరికి వడ్డించినదానికి ఆరొందల యాభై ఏళ్ళకి ఎవరో విస్తరి వేశారన్నమాట.

గోడకి అవతల

తిరిగొచ్చే ముందురోజు డబ్లిన్‌లో ఇంకో పాత పబ్బుకి వెళ్ళాం. తలుపు పక్కనే అరలాంటి చిన్న గది, దాన్ని 'స్నగ్' అంటారు. నలుగురు పడతారు. చెక్క గోడలు, లోపల గడియ, బార్ వైపుకి ఓ చిన్న కిటికీ. ఒకప్పుడు ఆడవాళ్ళు బార్లోకి వచ్చి కూర్చోవడం మర్యాద కాదు. ఈ గదిలో ఎవరికీ కనబడకుండా కూర్చుంటే కిటికీలోంచి గ్లాసు అందించేవారు. బీరు కాచి అమ్మిన ఇల్లాలి మనవరాళ్ళకి చివరికి మిగిలింది ఈ అర!

1970ల్లో కూడా కొన్ని పబ్బుల్లో ఆడదానికి నిండు పింట్ గ్లాసు ఇచ్చేవారు కాదు, సగం గ్లాసే. అప్పుడు నెల్ మెకఫర్టీ అనే విలేఖరీ, ఆవిడ స్నేహితురాళ్ళూ ముప్ఫైమంది ఓ పబ్బుకెళ్ళి ముప్ఫై బ్రాందీలు తెప్పించుకుని, ఆఖర్న ఒకే ఒక్క పింట్ అడిగారుట. ఇవ్వమన్నారు. "అయితే బ్రాందీలకి డబ్బులూ ఇవ్వం" అని లేచి వచ్చేశారుట! ఆడవాళ్ళని అలా కాదనకూడదని చట్టం గట్టిగా వచ్చింది 2000లో.

ఆ స్నగ్‌లో టీ తాగుతూ ఆ చిన్న కిటికీ కేసి చూస్తుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. తెనాలిలో మా మావగారి కాఫీ హోటలు ఉండేది. బోర్డు మీద మావగారి పేరు, కింద "స్థాపితం 1954" అని ఉండేది. వంటగదికీ హాలుకీ నడుమ గోడలో ఇలాంటి కిటికీయే. దాంట్లోంచి ఇడ్లీ ప్లేట్లు వస్తుండేవి. తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి రుబ్బి, ఆ ప్లేట్లు పెట్టిన చెయ్యి మాత్రం ఎవరికీ కనబడేది కాదు. నిజానికి 1954కి రెండేళ్ళ ముందు నుంచే అత్తగారు ఇంటి అరుగు మీద ఇడ్లీ వేసి అమ్మారు. ఆ డబ్బుతోనే హోటలు పెట్టారు. ఆ సంగతి ఆవిడ ఒక్కసారి, బియ్యం ఏరుతూ, ఏదో మాటల్లో చెప్పారు. నేనూ ఆ తర్వాత అడగలేదు.

అందుకే ఇప్పుడు ఏ పాత బోర్డు చూసినా మనసులో రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఈ ఏడాదికి కాగితం ఉందా? ఆ ఏడాది కిటికీ వెనక ఎవరున్నారు? మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్ళుంటే ఈ పూటే పక్కన కూర్చుని అడిగి, ఓ నోటుపుస్తకంలో రాసుకోండి. మా అత్తగారు పోయి పదకొండేళ్ళయింది. నేను ఆలస్యం చేశాను.

మీరు వెళితే...

• పిల్లల్ని తీసుకెళ్ళవచ్చు. పదిహేనేళ్ళ లోపు వాళ్ళు తల్లిదండ్రులతో రాత్రి తొమ్మిది దాకా ఉండవచ్చు. మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే పది.
• సిగరెట్ పొగ బెడద లేదు. పబ్బుల్లోపల పొగ తాగడం 2004 మార్చిలోనే నిషేధించారు.
• శాకాహారులు కూరగాయల సూపు, బ్రెడ్డు అడగండి. సూపులో మాంసం ఉడికించిన నీళ్ళు పోశారేమో ముందే కనుక్కోండి.

పబ్బు బ్రెడ్డు మన వంటింట్లో

సూపుతో ఇచ్చే ఈ గోధుమ రంగు సోడా బ్రెడ్డు తరతరాలదని చెబుతారు. నిజానికి వంటసోడా వాళ్ళ వంటిళ్ళలోకి వచ్చిందే 19వ శతాబ్దంలో! అయినా రుచికి వయసుతో పనేముంది?

కావలసినవి: గోధుమపిండి 225 గ్రాములు, మైదా 225 గ్రాములు, ఉప్పు 1 టీస్పూను, వంటసోడా 1 టీస్పూను, పుల్లటి చిక్కటి మజ్జిగ సుమారు 400 మి.లీ.

చేసే విధానం: పిండ్లు, ఉప్పు, సోడా కలిపి జల్లించండి. నడుమ గుంట చేసి మజ్జిగ పోసి, చేత్తో త్వరత్వరగా కలపండి. చపాతీ పిండిలా మర్దించకూడదు, గట్టిపడిపోతుంది. గుండ్రంగా చేసి, పైన కత్తితో లోతుగా అడ్డం నిలువు గాటు పెట్టండి. ముందే వేడిచేసిన ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు కాల్చండి. అడుగున వేళ్ళతో తడితే డొల్లగా చప్పుడైతే కాలినట్టే. వెన్న రాసుకుని వేడివేడిగా తినండి.